రాతి మీద కాపురం

హైదరాబాదులో ఏడాదికి సుమారు 800 మిల్లీమీటర్ల వాన పడుతుంది. ఇది ఎడారి లెక్క కాదు. జైసల్మేరులో ఇందులో నాలుగో వంతు పడితే ఆ ఏడు మంచి ఏడే. చిలీ దేశపు అటకామా ఎడారిలో కొన్నిచోట్ల ఏళ్ల తరబడి చినుకు రాలదు. వాటి పక్కన పెట్టి చూస్తే మనది తడి నేల. అయినా నానక్‌రామ్‌గూడలో ఒక ఎడారి ఉంది. ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కేచోటి నుంచి ఖాజాగూడ వైపు చూస్తే అద్దాల మేడల సందుల్లోంచి తొంగిచూసే బండరాళ్లే ఆ ఎడారి.

వాటి మీదా ఆ 800 మిల్లీమీటర్లూ పడతాయి. పడినవి పడినట్టే జారిపోతాయి. జులైలో ఓ సాయంత్రం కుండపోతగా కురిసి వెలిసినా, మర్నాడు ఎండెక్కేసరికి బండ మళ్లీ పొడిగా, వేడిగా ఉంటుంది. మే నెల మధ్యాహ్నం దానిమీద అరచెయ్యి ఆనించి ఉంచలేం. మట్టి లేదు, నీడ లేదు, నీరు దాచుకునే చోటు లేదు. అక్కడ పుట్టిన ప్రాణికి నెత్తిన ఉన్నది దక్కను ఆకాశమే గానీ కాళ్లకింద ఉన్నది అటకామా. ఎడారి అనగానే మనకు వాన పడని చోటు గుర్తొస్తుంది. ఈ గుట్టల్లో తిరిగీ తిరిగీ నాకు తోచింది వేరు. పడిన నీరు నిలవని చోటల్లా ఎడారే, అది ఎంత వానలో తడిసినా సరే.

ఈ రాళ్ల వయసు దాదాపు 250 కోట్ల ఏళ్లు. భూమి లోపల కరిగిన రాయి నెమ్మదిగా చల్లబడి గట్టిపడ్డ గ్రానైటు. ఎవరో తెచ్చి పేర్చినట్టు ఒకదాని మీద ఒకటి నిలబడ్డాయి గానీ ఎవరూ పేర్చలేదు. నేలలో ఉండగానే పగుళ్ల వెంట నీరు దిగి మూలలు అరిగి గుండ్రబడ్డాయి. చుట్టూ మెత్తబడ్డ మట్టి యుగాల తరబడి కొట్టుకుపోయాక బయటపడ్డాయి. పొరలు పొరలుగా పెచ్చులూడుతూ ఇప్పటికీ అరుగుతూనే ఉన్నాయి. ఖాజాగూడలోని ఫక్రుద్దీన్ గుట్ట మీద 14వ శతాబ్దపు సూఫీ సాధువు బాబా ఫక్రుద్దీన్ సమాధి ఉంది. బహమనీ రాజ్యం స్థాపించిన అల్లావుద్దీన్‌కు ఆయన గురువని చెబుతారు. ఆ గుట్ట మీదే అనంతపద్మనాభస్వామి గుడి, మెహెర్ బాబా పేరుతో పిలిచే గుహ కూడా ఉన్నాయి. మనుషులు ఈ రాళ్లను వెతుక్కుంటూ వచ్చింది ఏకాంతం కోసం. నిజానికి ఇక్కడ ఏకాంతం ఎన్నడూ లేదు. వాళ్లకంటే ఎంతో ముందు వచ్చి కాపురం పెట్టినవాళ్లున్నారు.

అందరికంటే ముందు వచ్చింది రాతిపువ్వు. బండల మీద బూడిదరంగు, లేత ఆకుపచ్చ, పసుపు, నారింజ మచ్చలు కనిపిస్తాయి కదా, చాలామంది అవి రాతి రంగే అనుకుంటారు. కాదు, అవి ప్రాణులు. మసాలా దుకాణాల్లో అమ్మే రాతిపువ్వు, పత్తర్ కా ఫూల్ పేరుతో హైదరాబాదీ వంటల్లో పడేది, వీటికి చుట్టమే. దుకాణంలో దొరికేది చల్లటి కొండ అడవుల నుంచి వస్తుంది. మన బండలకు అంటుకున్నది ఎండకు ఓర్చిన రకం. ఇది ఒక ప్రాణి కాదు, రెండు. ఒకటి బూజు జాతిది, ఇల్లు కడుతుంది. రెండోది పాచి జాతిది, ఎండతో వంట చేస్తుంది. 1867లో స్విట్జర్లాండ్ వృక్షశాస్త్రజ్ఞుడు సైమన్ ష్వెండెనర్ ఈ సంగతి ప్రకటించినప్పుడు తోటివాళ్లు చాలామంది ఒప్పుకోలేదు. రెండు వేర్వేరు జాతులు కలిసి ఒక్క ఒళ్లుగా బతకడం వాళ్ల ఊహకు అందలేదు.

రాతిపువ్వుకు వేరు లేదు. నీళ్లు బయటికి పోకుండా ఆపే తోలు లేదు. గాలి పొడిబారితే తనూ పొడిబారుతుంది. ఒంట్లో నీరు దాదాపు అంతా పోయి పెళుసుబారినా చావదు. మళ్లీ బతకడానికి దానికి వాన కూడా అక్కర్లేదు. తెల్లవారుజామున పడే కాస్త మంచు చాలు. ఎండ ముదిరి ఆ తడి ఆరేలోగా దొరికే కొద్దిసేపట్లోనే ఆ రోజు వంట ముగించుకుని మళ్లీ ఆగిపోతుంది. అందుకే ఏడాదికి ఒక మిల్లీమీటరు కూడా పెరగని రకాలున్నాయి. అరచెయ్యంత మచ్చ కనిపిస్తే అది మన తాతల కాలం నాటిదై ఉండొచ్చు. దానికి తిండీ నీరూ అన్నీ గాలిలోంచే రావాలి కనక గాలిలోని పాడంతా కూడా దాని ఒంట్లోకే పోతుంది. గంధకపు పొగకు చాలా రకాలు తట్టుకోలేవు. ఐరోపాలో కార్ఖానాల ఊళ్లలో గాలి ఎంత చెడిందో చెట్ల బెరళ్ల మీది ఈ మచ్చలను చూసి లెక్కగట్టేవారు. వేల కార్లు పొగ చిమ్ముతూ పోయే ఈ రోడ్ల పక్కన ఇంకా మిగిలి ఉన్న ప్రతి మచ్చా నాకు గొప్పగానే కనిపిస్తుంది.

బండల మధ్య పగుళ్లలో, గాలికి కొట్టుకొచ్చిన దుమ్ము చేరి గుప్పెడు మట్టి అయిన చోట నాచు పెరుగుతుంది. ఎండాకాలంలో అది నాచని గుర్తుపట్టలేం. నల్లగా మాడినట్టు ఉంటుంది, గోటితో గీరితే పొడి రాలుతుంది. ఒక ఏప్రిల్ ఉదయం చేతిలో ఉన్న సీసా నుంచి కాసిని నీళ్లు దానిమీద ఒంపి పక్కనే కూర్చున్నాను. మొదట నీరు పైనే పూసలుగా నిలిచింది. తర్వాత ఇంకింది. ఆ నాచు ఆకులు ఒక్కోటి ఆవగింజంత కూడా ఉండవు. మెలితిరిగి కాడకు అతుక్కుని ఉన్నవి ఒక్కొక్కటే విడివడి బయటికి వంగడం మొదలుపెట్టాయి. ఆ కదలిక మామూలు కంటికే తెలుస్తుంది. కాడలు నిటారుగా లేచాయి. అడుగున దాగిన ఆకుపచ్చ పైకి వచ్చింది. టీ తాగినంత సేపట్లో నల్లటి పెచ్చు ఉన్నచోట పచ్చటి మెత్త ఉంది. వేలు పెట్టి నొక్కితే చల్లగా తగిలింది.

ఆ పక్క పగులులోనే మయూరశిఖ. పువ్వూ కాయా లేని ఫెర్న్ జాతి మొక్క ఇది. వేలెడు కాడ చివర సన్నటి పీలికలు నెమలి పురి విప్పినట్టు పరుచుకుంటాయి, పేరు అందుకే వచ్చింది. ఎండల్లో ఆ పీలికలన్నీ దగ్గరికి ముడుచుకుని గోధుమరంగు ఊచలవుతాయి. దానికి నాచుకున్నంత తొందర లేదు. తడి వేళ్లకు అంది, కాడల్లోకి ఎక్కి, పీలికల కొసల దాకా చేరాలి. నాలుగు వానలు పడ్డాక వెళితే చచ్చిపోయిందనుకున్న అదే ఆకు పచ్చగా విప్పుకుని ఉంటుంది. కొత్త చిగురు కాదు, పాత ఆకే. నన్ను ఆశ్చర్యపరిచేది అదే. వేపచెట్టు ఆకు రాల్చి చిగురు తొడిగితే అది మామూలు. ఎండి పొడయ్యే స్థితికి వచ్చిన ఆకే మళ్లీ పని మొదలుపెట్టడం వేరు.

ఇది ఎలా జరుగుతుందో శాస్త్రం చాలావరకు చెప్పింది. మామూలు మొక్క కణంలోంచి నీరు పోతే పొరలు ఒకదానికొకటి అతుక్కుపోతాయి, లోపలి సరంజామా చెల్లాచెదురవుతుంది. ఆపైన ఎన్ని నీళ్లు పోసినా లాభం లేదు. మయూరశిఖ లాంటివి నీరు పూర్తిగా పోకముందే సర్దుకుంటాయి. కణాల్లో చక్కెరలను, కొన్ని ప్రత్యేకమైన ప్రోటీన్లను పోగుచేసుకుంటాయి. నీరు పోయేకొద్దీ ఆ చక్కెర చిక్కబడి చివరికి గాజులా గట్టిపడుతుంది. ఎక్కడి వస్తువు అక్కడే ఆ గాజులో బిగిసి ఉండిపోతుంది. ఊపిరి ఆగుతుంది, పెరుగుదల ఆగుతుంది. నీరు తగలగానే గాజు కరిగి, ఆగిన చోటి నుంచి పని మళ్లీ సాగుతుంది. ముడుచుకోవడం కూడా రక్షణే. ఎండిన ఆకు మీద ఎండ పడితే అందులోని పచ్చదనమే దానికి విషమవుతుంది. అందుకే అది తన పచ్చదనాన్ని లోపలికి దాచుకుంటుంది.

ఈ వింతను మొదట కళ్లారా చూసినవాడు హాలండు దేశంలో డెల్ఫ్ట్ ఊరి బట్టల వర్తకుడు లీవెన్‌హుక్. తానే అరగదీసుకున్న కటకాలతో కంటికి ఆనని లోకాన్ని చూసిన మనిషి. ఇంటి కప్పు తూములో ఎండిపోయిన దుమ్ము తీసి, అందులో నీళ్లు కలిపి చూస్తే కాసేపటికి సూక్ష్మజీవులు ఈదడం మొదలుపెట్టాయని 1702లో రాశాడు. మన బండల మీది నాచు లాంటి నాచుల్లోనే నీటి ఎలుగు అని పిలిచే ఎనిమిది కాళ్ల బుల్లి జీవి ఉంటుంది, పొడవు అర మిల్లీమీటరు. నాచు ఎండితే తనూ ఎండి ఉండలా చుట్టుకుంటుంది. అలా ఎండిన వాటిని 2007లో రష్యా వ్యోమనౌకలో పంపి, గాలీ తేమా లేని అంతరిక్షంలో పది రోజులు బయట ఉంచారు. తిరిగొచ్చి నీరు తగిలాక కొన్ని లేచాయి, గుడ్లు కూడా పెట్టాయి. అంతరిక్షం కోసం అవి ఏమీ నేర్చుకోలేదు. ఎండిన నాచులో బతకడం నేర్చుకున్న ప్రాణికి ఆ విద్యే అక్కడా పనికొచ్చింది.

బతికినవి, చచ్చినవి అని మనం రెండు ఖాతాలే రాస్తాం. ఈ బండల మీద మూడో ఖాతా ఉంది, ఆగినవి అని. ఎండాకాలంలో ఇక్కడున్న ప్రాణాల్లో ఎక్కువ భాగం ఆ ఖాతాలోనే ఉంటుంది.

ఆగడం ఒక్కటే దారి అనుకోకండి. ఆగకుండా నెట్టుకొచ్చేవీ ఉన్నాయి. గుట్ట కింద కంచె పొడవునా నల్లేరు పాకి ఉంటుంది. దగ్గర్లో లేస్తున్న టవర్ల పనికి పాలమూరు నుంచి వచ్చిన ఒకావిడ లేత కొసలు తుంచుకుంటుంటే చూసి ఆగాను.

“పచ్చడికా అమ్మా?”

“అవ్ సారూ. చేతులకు నూనె రాసుకోవాలె, లేకుంటె దురద వెడ్తది. నార దీసి మంచిగ ఏంచి, చింతపండు ఏసి నూరాలె. నడుము నొప్పులకు మంచిది.”

“ఎండలకు ఎండిపోదా ఇది?”

“ఆకు రాలుస్తది గని కాడ సావదు. తెంపి గోడ మీద ఏస్తె గోడ మీదనే బతుకుతది.”

ఆవిడ చెప్పింది అక్షరాలా నిజం. నల్లేరు కాడ నాలుగు పలకలుగా, కణుపు కణుపుగా ఉంటుంది. పైన మైనం పూత. నీటికి కరువొస్తే ఆకు వదులుకుంటుంది, పచ్చటి కాడే ఆకు పని చేస్తుంది. అన్నిటికంటే పెద్ద తెలివి దాని ఊపిరిలో ఉంది. మొక్క తిండి తయారుచేసుకోవాలంటే పత్రరంధ్రాలు తెరిచి గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను లోపలికి రానివ్వాలి. తెరిస్తే లోపలి నీరు ఆవిరై పోతుంది. ఒక్క కార్బన్ డయాక్సైడ్ అణువు కోసం మామూలు మొక్క వందల నీటి అణువులు వదులుకోవాలి. నల్లేరు కాడ, కలబంద లాంటివి పగలంతా తలుపులు మూసుకుని, చల్లబడ్డాక రాత్రి తెరుస్తాయి. రాత్రి వచ్చిన వాయువును పుల్లటి ఆమ్లంగా మార్చి దాచి, పొద్దున సూర్యుడు వచ్చాక తలుపులు మూసుకునే వంట చేస్తాయి.

ఈ రహస్యం బయటపడిన కథలో తెలుగు నేల మనిషికి పాత్ర ఉంది. ఆయన పుట్టుకతో తెలుగువాడు కాదు, తెలుగు నేల మీద పనిచేసినవాడు. అంతకుముందు దాన్ని చూసుకున్న రాక్స్‌బర్గ్ కలకత్తా వెళ్లిపోయాక సామర్లకోటలోని ఈస్టిండియా కంపెనీవారి తోట బాధ్యత బెంజమిన్ హేన్ అనే వృక్షశాస్త్రజ్ఞుడికి వచ్చింది. రణపాల ఆకు పొద్దున్నే నమిలితే బాగా పుల్లగా, మధ్యాహ్నానికి చప్పగా, సాయంత్రానికి కాస్త చేదుగా ఉంటుందని ఆయన గమనించి స్నేహితుడికి ఉత్తరం రాశాడు. అది 1815లో లండన్‌లో అచ్చయింది. రాత్రి చేరిన ఆమ్లం పగలు ఖర్చవుతోందని ఆయన నాలుకకు ముందు తెలిసింది, ప్రయోగశాలలకు దాని పూర్తి లెక్క తేలడానికి ఇంకో వందేళ్లకు పైగా పట్టింది. మా బాల్కనీ కుండీలోని రణపాలను నేనూ రుచి చూశాను. తెల్లవారి తుంచిన ఆకు చింతచిగురంత పులుపు. అదే మొక్క ఆకు సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి తింటే ఉత్త పసరు. మీ ఇంట్లో రణపాల ఉంటే ఒక చిన్న ముక్కతో ఈ పరీక్ష చేసి చూడండి. రెండు వందల ఏళ్ల కిందటి ఆ మనిషి ఆశ్చర్యం మీకూ అందుతుంది.

గుట్టల మీద ఇంకా చాలా ఉన్నాయి, అన్నిటి గురించీ రాయడం కుదరదు. పాలు కారే జెముళ్లు మన నేలవే. నాగజెముడు మాత్రం అమెరికా నుంచి వచ్చింది. చుట్టరికం లేని ఈ రెండూ వేర్వేరు ఖండాల్లో ఎండకు ఒకే జవాబు వెతుక్కుని ఒకే రూపానికి చేరాయి. బండ అంచున తల ఆడించే రాతి తొండ రెట్ట చూడండి, చివర తెల్లటి ముద్ద ఉంటుంది. మనలా మూత్రంగా నీరు పారబోయకుండా మలినాన్ని ఆ తెల్లటి ముద్దగా గట్టిపరిచి వదులుతుంది. వేసవిలో ఆకు రాల్చి మోడై నిలిచే సీతాఫలం బండల సందుల్లోనే బాగా కాస్తుంది. వానలు వెనకపట్టాక తంగేడు పూస్తుంది, బతుకమ్మ దానితోనే మొదలవుతుంది. తెలంగాణ రాష్ట్ర పుష్పంగా ఏ మల్లెనో తామరనో కాకుండా ఎవరూ నీళ్లు పోయని ఈ పొదను ఎంచుకోవడం సరైన పని.

ఆరుద్ర పురుగును తలవకుండా మాత్రం ముందుకు పోలేను. జూన్ మూడో వారం దాటి ఆరుద్ర కార్తె వచ్చి నాలుగు చినుకులు పడగానే ఎర్రటి ముఖమల్ తొడుక్కుని నేల మీదికి వస్తుంది. ఏడాదిలో మనకు కనిపించేది ఆ కొద్ది రోజులే. మిగతా కాలమంతా మట్టి లోపలే గడుపుతుంది. మన పల్లెల్లో పిల్లలకు దాన్ని అరచేతిలో పాకించుకోవడం ఒక పండగ. రైతుకు అది విత్తనాలు సిద్ధం చేసుకోమన్న కబురు. కాంక్రీటు పరిచిన నేల మీద అది రాలేదు. నానక్‌రామ్‌గూడలో పుట్టి పెరుగుతున్న పిల్లల్లో ఎందరు దాన్ని ముట్టుకున్నారో అని తలచుకుంటే మనసు బాధపడుతుంది.

విత్తనం మాట వచ్చింది. ఆగి బతికే విద్యలో విత్తనాన్ని మించింది లేదు. గింజ ముదిరేకొద్దీ తల్లి మొక్క దాన్ని ఎండబెడుతుంది. కణాల్లో చక్కెరలు, ప్రోటీన్లు చేరి, మయూరశిఖ ఆకులో జరిగిందే గింజలోనూ జరుగుతుంది. నానక్‌రామ్‌గూడ నుంచి ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కితే అట్టే దూరం లేని పటాన్‌చెరులో 1972లో వెలసిన ఇక్రిశాట్ ఉంది. మెట్ట పంటల కోసమే పుట్టిన అంతర్జాతీయ సంస్థ. జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాల విత్తన రకాలు లక్షకు పైగా అక్కడి జన్యునిధిలో ఉన్నాయి. బాగా ఆరబెట్టి, సున్నాకు 20 డిగ్రీల కింద చల్లదనంలో దాచిన ఆ గింజలన్నీ ఆగి ఉన్న పొలాలే. జహీరాబాదు ప్రాంతంలో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు అదే పనిని బూడిద, వేపాకు, మట్టి అలికిన బుట్టలతో చేస్తున్నారు. వాళ్లకు 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి ఇచ్చారు. ఒకరిది యంత్రం, ఒకరిది బుట్ట. సూత్రం ఒక్కటే, తడి తీసేస్తే కాలం ఆగుతుంది.

ఆవకాయ జాడీలో ఉన్నదీ ఈ సూత్రమే. చూడ్డానికి ఊట తేలుతూ తడిగా ఉంటుంది గానీ బూజుకూ బాక్టీరియాకూ అది ఎడారి. ఉన్న నీటినంతా ఉప్పు పట్టి ఉంచుతుంది, సూక్ష్మజీవికి తాగడానికి చుక్క దొరకదు. సూక్ష్మజీవికి అందే నీటిని కొలిచే లెక్కలో స్వచ్ఛమైన నీటికి ఒకటి అని పెట్టుకుంటే, 0.9కి దిగువన చాలా బాక్టీరియాలు పెరగలేవు. ఇంక కరగనంత ఉప్పు కలిపిన నీటి లెక్క 0.75. అక్కడ కూడా పెరిగే మొండి బూజులున్నాయి. వాటిలో బాగా మొండిది 0.61 దాకా తట్టుకుంటుంది. జాడీలో తడి గరిటె పెట్టొద్దని అమ్మ ఎందుకు అంతలా చెప్పేదో ఈ అంకెలు చూశాక నాకు బాగా అర్థమైంది. ఆ ఒక్క గరిటె తడితో జాడీ పైపొరలో ఎడారి చెదిరిపోతుంది. నీరు ఉండటం వేరు, అందడం వేరు. బండ మీద నీరు పడీ నిలవదు, జాడీలో నీరు ఉండీ అందదు. రెండిటి పేరూ కరువే.

ఇప్పుడు మనుషుల సంగతి. దక్కను మీద మన పెద్దలు బతికిన తీరు చూస్తే వాళ్లూ ఈ బండల దగ్గరే చదువుకున్నట్టుంది. ఈ నేలకు పారే నదులు తక్కువ, రాయి ఎక్కువ. వాన నాలుగు నెలలు, అదీ దంచి వెళ్లిపోయేది. అందుకని బండల మీద నుంచి జారే నీటిని గుట్ట కిందే కుంటగా ఆపారు. కుంట నిండి పొర్లితే కింది చెరువుకు, అది నిండితే ఇంకో చెరువుకు, గొలుసుకట్టుగా. కాకతీయుల కాలం నుంచి కుతుబ్‌షాహీల దాకా కట్టింది అదే. ఇప్పుడు తీగల వంతెన కింద దీపాలతో మెరిసే దుర్గం చెరువు ఒకప్పుడు గోల్కొండ కోటకు తాగునీరు ఇచ్చింది. 1908లో మూసీ వరద ఊరిని ముంచాక 1920లో ఉస్మాన్‌సాగర్ (గండిపేట), 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి. గండిపేట నీళ్ల రుచి గురించి పాత హైదరాబాదీలు ఇప్పటికీ చెప్పుకుంటారు. చేలో వేసింది జొన్న. జొన్న ఆకు మీద మైనపు పొడి ఉంటుంది, ఎండకు ఆకు చుట్టుకుంటుంది, మరీ కరువైతే ఎదగడం ఆపి వాన కోసం నిలబడుతుంది, వాన వస్తే మళ్లీ ఎదుగుతుంది. జొన్నరొట్టె తిన్న ఈ ప్రాంతం ఆ మొక్క ఓర్పును కూడా తిన్నది.

నానక్‌రామ్‌గూడ అలాంటి పల్లే. రంగనాథస్వామి గుడి, నాలుగు చేలు, గుట్టలు. తర్వాత రామానాయుడు స్టూడియో వచ్చింది, ఔటర్ వచ్చింది, ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ వచ్చింది, 2019లో అమెజాన్ భవనం, 2023లో అమెరికా కాన్సులేట్ వచ్చాయి. ఈ ఆఫీసుల మీద బతికే లక్షల మందిలో నేనూ ఒకణ్ని, దీన్ని తప్పుపట్టను. నా బాధ మరొకటి. ఇప్పుడు కూడా ఇక్కడ పడేది ఆ 800 మిల్లీమీటర్లే. కానీ రోడ్డు, పార్కింగు, పోడియం, డాబా అన్నీ కలిసి ఊరంతా ఒకే బండ అయింది. గంట వాన పడితే రోడ్ల మీద మోకాటి లోతు, మార్చి దాటితే గేట్ల ముందు ట్యాంకర్ల బారు. తాగే నీరు కృష్ణా నుంచీ గోదావరి నుంచీ నూరు కిలోమీటర్లకు పైగా పైపుల్లో ఎక్కి వస్తోంది. బోర్లు వెయ్యి అడుగులు దాటి గ్రానైటు పగుళ్ల అడుగు నాకుతున్నాయి. ఆ పగుళ్లలోకి నీరు దిగేది ఎక్కడో తెలుసా? రాతిపువ్వు గరుకు చేసిన బండ మీద నాచు పట్టి, నాచు పట్టిన దుమ్ములో గడ్డి మొలిచి, గడ్డి మట్టిలో సీతాఫలం వేరూ రావి వేరూ పగుళ్ల వెంట దిగిన చోట. పాత బండ తన మీద కాపురం చేసినవాళ్ల చేత నీరు నిలిపించుకోవడం నేర్చింది. మనం పోసిన కొత్త బండకు ఆ కాపురం లేదు.

రెవెన్యూ రికార్డుల్లో ఇలాంటి చోట్లకు రాసే మాటలు మనకు తెలిసినవే: గుట్ట, పోరంబోకు, బంజరు. పనికిరానిది అని దాని భావం. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల గొడవ వచ్చినప్పుడూ అది అడవి కాదని ప్రభుత్వం, అడవేనని విద్యార్థులు వాదించారు. 2025 ఏప్రిల్ 3న చెట్ల నరికివేత ఆపమని సుప్రీంకోర్టు ఆదేశించేలోపే బుల్‌డోజర్లు చాలా దూరం వెళ్లాయి. అడవి అంటే ఏడాదంతా పచ్చగా ఉండాలని ఎవరు చెప్పారు? దక్కను అడవి సగం ఏడాది ఆగి ఉంటుంది. ఏప్రిల్‌లో చూసి ఎండిపోయింది కదా అనడం, అర్ధరాత్రి ఇంటికొచ్చి ఎవరూ కదలడం లేదు కనక ఇల్లు ఖాళీ అని తీర్మానించడం లాంటిది.

1996లో సొసైటీ టు సేవ్ రాక్స్ పేరుతో కొందరు పెద్దలు ఈ రాళ్ల కోసం నిలబడ్డారు. వాళ్ల వల్లే కొన్ని గుట్టలు మిగిలాయి. వాళ్లు ఎక్కువగా రాళ్ల అందం కోసం, వయసు కోసం మాట్లాడారు. నేను రాళ్ల మీది కాపురాల కోసం మాట్లాడుతున్నాను. ఇక్కడి గేటెడ్ కమ్యూనిటీలు, ఆఫీసుల ఆవరణల్లో చాలాచోట్ల ఒకటో రెండో బండలను అందానికి అట్టిపెట్టారు. మంచి పనే. కానీ మరకలుగా ఉన్నాయని ప్రెషర్ పంపుతో కడుగుతున్నారు, వార్నిష్ పూస్తున్నారు, పగుళ్లలో సిమెంటు పెడుతున్నారు, చుట్టూ రోజూ నీళ్లు తాగే లాన్ పరుస్తున్నారు. ఈ నాలుగూ మానండి. అసోసియేషన్ సమావేశంలో ఈసారి ఈ మాట ఎత్తండి. బండ చుట్టూ రెండడుగుల నేల వదిలేయండి, దాని మీది నీరు ఆ నేలలోకే ఇంకనివ్వండి. ఎండాకాలంలో నల్లగా కనిపించే పెచ్చును గీకకుండా మీ పిల్లల చేత దానిమీద గ్లాసెడు నీళ్లు పోయించండి. పంపు పెట్టి పది నిమిషాల్లో కడిగేసిన రాతిపువ్వు మచ్చ మళ్లీ అంత కావడానికి ఆ పిల్లల ఆయుష్షు చాలకపోవచ్చు.